సెల్ఫ్ వాటరింగ్ కుండీలు: విశాఖ ఎండల్లో రెండు వారాల హామీ ఎంతవరకు నిలుస్తుంది?

సీతమ్మధార ప్రాంతంలోని ఒక నర్సరీలో కొన్న సెల్ఫ్ వాటరింగ్ కుండీలను కిందటి వేసవి నుంచి ఎం.వి.పి. కాలనీలోని మా బాల్కనీలోనూ, డాబా మీదా వాడుతున్నాను. అడుగున నీటి తొట్టి, దానిపై మట్టి నింపే లోపలి కుండీ, మట్టిలోంచి తొట్టిలోకి దిగే నైలాన్ వత్తి, నీటిమట్టాన్ని చూపే ఎర్రటి పుల్ల, వీటి నిర్మాణం ఇంతే. ధర మామూలు ప్లాస్టిక్ కుండీకి రెండింతల పైమాటే. ఒకసారి నింపితే రెండు వారాలు నిశ్చింతగా ఉండవచ్చునని పెట్టె మీద అచ్చువేశారు. అమ్మినవారు కూడా "ఊరెళ్లి వచ్చినా పర్వాలేదండీ, మొక్క దాని పని అది చూసుకుంటుంది" అన్నారు.

మొక్క తన పని తాను చూసుకుంటుందనడం నిజమే గాని, ఆ పని ఎంత నీరు కోరుతుందో పెట్టె మీద ఎక్కడా లేదు. వేళ్లు పీల్చుకున్న నీటిలో నూటికి 97 నుంచి 99 వంతుల దాకా మొక్క శరీరంలో నిలవదు. ఆకుల మీది పత్రరంధ్రాల గుండా ఆవిరై గాలిలో కలిసిపోతుంది. బాష్పోత్సేకం అని పాఠాల్లో చదువుకున్నది దీనినే. ఆకులోని కణాల గోడల నుంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ ఆ లాగుడు నీటిని పైకి మోసే సన్నని గొట్టాలైన దారునాళాలలోని నీటి స్తంభం వెంట కింది వేళ్ల దాకా పాకుతుందని డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు 1894లో ప్రతిపాదించారు. కాబట్టి వత్తి నీటిని జానెడు ఎత్తుకు, మట్టి వరకు చేర్చి ఊరుకుంటుంది. అక్కడి నుంచి ఎంత నీరు, ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేవి ఆకుల విస్తీర్ణం, ఎండ, చుట్టూ ఉన్న గాలి. వీటిలో దేని ప్రస్తావనా లేకుండా రెండు వారాలని రాయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే.

ఒకే కొలత గల కుండీలలో మందారం, తులసి, గన్నేరు, స్నేక్ ప్లాంట్ పెట్టి, మట్టి మీద నుంచి నీరు ఆవిరి కాకుండా కాండం చుట్టూ పాలిథిన్ కవరు కట్టి గమనించాను. ఈ పద్ధతి నాది కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీని సీసపు రేకుతో మూసి, ఉదయమూ సాయంత్రమూ తూచి, తరిగిన బరువును లెక్కగట్టి 1727లో ప్రచురించాడు. మా కుండీలలో అన్నిటికంటే ముందు మందారం తొట్టి ఖాళీ అయింది. మే నెలలో అది వారం కూడా ఆగలేదు. గన్నేరుకు ఆకులు దట్టంగానే ఉన్నా దాని నీరు చాలా నెమ్మదిగా తగ్గింది, ఎందుకంటే దాని పత్రరంధ్రాలు ఆకు అడుగున నూగు నిండిన గుంటలలో దాగి ఉండడం వల్ల గాలి వాటిని నేరుగా తాకదు. స్నేక్ ప్లాంట్ కుండీలో ఎర్ర పుల్ల కదిలినట్టే కనిపించలేదు. ఆ మొక్క పత్రరంధ్రాలను పగలు మూసుకొని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది కనుక దానికి ఇటువంటి కుండీ అవసరమే లేదు, పైగా ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో దాని వేళ్లు కుళ్లిపోతాయి. పెట్టె మీద మాత్రం అన్ని మొక్కలకూ అనుకూలం అని రాశారు.

విశాఖ గాలి సంగతి మరీ ముఖ్యం. సముద్రపు గాలి వీచే ఉక్కపోత రోజున మన చెమట ఆరనట్టే, ఆకు లోపలి తేమకూ బయటి తేమకూ తేడా తక్కువై మొక్క నీరు కూడా త్వరగా పోదు. సముద్రపు గాలి ఆగి, పొడిగా వేడిగా పడమటి గాలి తిరిగిన రోజున మాత్రం అదే మొక్క, అదే తొట్టి, పుల్ల దిగిపోవడం కంటికి కనిపిస్తుంది. తూర్పు బాల్కనీలోని తులసికీ, పిట్టగోడ పక్కన గాలి కొట్టే చోట ఉన్న తులసికీ నీటి ఖర్చులో ఎంతో తేడా ఉంది. ఆకును అంటిపెట్టుకొని ఉండే తేమ పొరను గాలి ఎప్పటికప్పుడు తుడిచివేయడమే దీనికి కారణం.

మరొక లోపం మిట్టమధ్యాహ్నం బయటపడుతుంది. తొట్టిలో నీరు సగానికి పైగా ఉండగానే మందారం ఆకులు వేలాడిపోయేవి, ఎందుకంటే ఆకులు వదిలే వేగానికి తగినట్టు ఆ ఒక్క సన్నని వత్తి నీటిని అందించలేదు. సాయంత్రానికి మొక్క తేరుకుంటుంది కనుక కంగారుపడి పైనుంచి బిందెడు నీళ్లు కుమ్మరించనక్కరలేదు. అయితే పెద్ద కుండీలకు రెండు వత్తులు ఇవ్వడం తయారీదారుకు పెద్ద ఖర్చేమీ కాదు. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే తడి సమంగా పాకుతుంది. ఒట్టి ఎర్రమట్టి నింపితే వత్తి చుట్టూ తప్ప మిగిలినదంతా పొడిగానే ఉంటుంది.

వర్షాకాలంలో పరిస్థితి తలకిందులవుతుంది. గాలి నిండా తేమ ఉండడం వల్ల ఆకులు నీటిని అంతగా వదలవు, తొట్టి నిండుగానే ఉండిపోతుంది. ఆ రోజుల్లో చేమ మొక్క పెట్టిన కుండీలో తెల్లవారేసరికి ఆకు కొనల నుంచి చుక్కలు రాలుతుంటే ఇంట్లో అందరూ మంచు అనుకున్నారు. అది వేళ్లు నీటిని పైకి నెట్టే ఒత్తిడి, అంటే వేరు పీడనం వల్ల నీరు ద్రవరూపంలోనే బయటికి వచ్చే బిందుస్రావం. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, ఆ మట్టిలో నీరు అవసరానికి మించి ఉందని కూడా చెబుతుంది. అదనపు నీరు పోయేందుకు పెట్టిన రంధ్రం చాలా చిన్నది, ఆకు ముక్క పడితే మూసుకుపోతుంది. అంతకంటే ప్రమాదం దోమలు. డెంగీని వ్యాపింపజేసే దోమ గుడ్డు నుంచి రెక్కలు తొడిగే దాకా వారం పది రోజులు చాలు. రెండు వారాలు నీరు నిలవ ఉండడాన్ని గొప్పగా చెప్పుకునే తొట్టికి కనీసం సన్నని వల మూత కూడా పెట్టకపోవడం క్షమించరానిది. నీరు పోసే గొట్టం మూతికి మేము దోమతెర గుడ్డ కట్టుకున్నాము, వర్షాకాలంలో వారానికొకసారి తొట్టిని వంచి కడుగుతున్నాము.

తులసి, మందారం, మల్లె వంటి నీరు ఎక్కువ వాడే మొక్కలకు, రెండు మూడు రోజులు ఊరు విడిచి వెళ్లే కుటుంబాలకు ఈ కుండీలను సిఫారసు చేస్తాను. గన్నేరు, బ్రహ్మజెముడు, స్నేక్ ప్లాంట్ పెంచేవారు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. బోరు నీరు వాడేవారి కుండీలలో నీరు ఆవిరైపోగా ఉప్పు మట్టి పైభాగాన తెల్లగా పేరుకుంటుంది కనుక, నెలకొకసారైనా పైనుంచి ధారాళంగా నీరు పోసి, కిందికి దిగిన నీటిని పారబోయాలి. కొనేటప్పుడు అదనపు వత్తి ఇస్తారేమో అడిగి తీసుకోండి. మాకు విడిగా దొరకలేదు.