ఆత్మవిచారం: మనసు కుదిరాకా, ముసురుతున్నప్పుడా?

అరుణాచలం వెళ్లొచ్చి, రమణ మహర్షి బోధించిన ఆత్మవిచారం, అంటే "నేనెవరు" అని లోపలికి వెతుక్కోవడం, మొదలుపెట్టిన చాలామందికి వారంలోనే ఈ సందేహం వస్తుంది. మనసు కుదుటపడ్డాక కూర్చోవాలా, ఆలోచనలు ముసురుతున్నా మొదలుపెట్టాలా?

సమయం: కుదురైన మనసుకు తెల్లవారుజామున ఒక అరగంట కావాలి. ముసిరిన మనసుకు బస్సులో సీటు చాలు.

శ్రమ: మొదటిదానిలో "నేను" అన్న భావాన్ని పట్టుకుని ఉండటం తేలిక. రెండోదానిలో ప్రతి ఆలోచననూ "ఇది ఎవరికి?" అని అడగాలి. "నాకు" అని తోస్తుంది. ఆ నేను ఎవరని అక్కడి నుంచి వెనక్కి మళ్లాలి. నిమిషానికి ఇరవైసార్లు జారిపోయినా తప్పు లేదు, మళ్లడమే సాధన.

ప్రమాదం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ప్రశాంతత హాయిగా ఉంటుంది, ఆ హాయిలో విచారం ఆగిపోతుంది. రమణ మహర్షి దీన్ని మనోలయం అన్నారు, అంటే మనసు తాత్కాలికంగా అణగడం. లయమైన మనసు మళ్లీ లేస్తుంది, నశించినది లేవదు. అందుకే అప్పుడు కూడా "ఈ ప్రశాంతత ఎవరికి తెలుస్తోంది?" అని చూడాలి. ముసిరిన మనసుకు చిక్కు వేరు: ప్రశ్న ఉత్త జపంలా మారి టెన్షన్ పెంచుతుంది.

ఉదయం ఏకాంతం దొరికేవారికి మొదటిదే మేలు, నిద్రమత్తులోకి జారకుండా చూసుకుంటే చాలు. చంటిపిల్లలున్న తల్లులు, షిఫ్టు ఉద్యోగులు రెండోదానితోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ప్రశాంతత కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. మనసు మరీ చెదిరిన రోజున కాసేపు శ్వాసను గమనించండి. ఊపిరిని అదుపు చేస్తే వలలో పక్షిలా మనసు అణుగుతుందని మహర్షే చెప్పారు. అణిగాక మళ్లీ విచారంలోకి రండి.