ఆదాయపు పన్ను పోర్టల్‌లో సహజ్ ఫారం: నింపడం అరగంట, కూడదీయడం రెండు పూటలు

2021 జూన్‌లో వచ్చిన ఈ-ఫైలింగ్ పోర్టల్‌నే తిరుపతిలో ఉద్యోగులం, పింఛనుదారులం ఏటా వాడుతున్నాం. 50 లక్షల లోపు ఆదాయంతో జీతమో పింఛనో, బ్యాంకు వడ్డీ ఉన్నవాళ్లకు ఐటీఆర్-1, అంటే సహజ్ సరిపోతుంది. కాగితాలు పక్కన పెట్టుకుని కూర్చుంటే అరగంట పని. వాటిని కూడదీయడానికే రెండు పూటలు పడుతుంది.

ఏప్రిల్‌లో మొదలుపెట్టడం దండగ. చివరి త్రైమాసికం టీడీఎస్ (ముందే కోసిన పన్ను) లెక్క పంపడానికి ఆఫీసులకు, బ్యాంకులకు మే 31 దాకా, జీతం, కోసిన పన్ను చూపే ఫారం-16 ఇవ్వడానికి జూన్ 15 దాకా గడువుంటుంది. ఆలోపు తెరిస్తే ఏఐఎస్ (మన పాన్ మీద నమోదైన ఆదాయాలు, లావాదేవీల చిట్టా) అరకొరగా ఉంటుంది, పోర్టల్ ముందే నింపి చూపే అంకెలూ తక్కువే. జూన్ మూడో వారం మంచి అదను.

ముందు ఫారం-16ను 26ఏఎస్‌తో, అంటే మన పేర జమైన పన్ను చిట్టాతో సరిపోల్చండి. జీతాల బిల్లులు చేసే డీడీవో ఆఫీసులో పాన్ నంబరు ఒక్క అక్షరం తప్పు పడినా కోసిన పన్ను మన ఖాతాలో కనిపించదు. ఆఫీసువాళ్లు సవరణ టీడీఎస్ రిటర్న్ వేస్తేనే కుదురుతుంది. తొందరపడి అలాగే పంపిస్తే ఆ పన్ను మళ్లీ కట్టమని డిమాండ్ నోటీసు వస్తుంది.

అన్నింటికంటే ఎక్కువ సమయం తినేది డీఏ, పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలు. పాత సంవత్సరాల బకాయి ఒకేసారి చేతికొస్తే సెక్షన్ 89 కింద పన్నులో ఊరట అడగొచ్చు. కానీ రిటర్న్ కంటే ముందు ఫారం 10ఈ వేయాలి. లేకుంటే ఆ ఊరట కొట్టేస్తారు. దాంట్లో ఏ ఏడాది బకాయి ఎంత, ఆ ఏడాది పన్ను పడే ఆదాయం ఎంత అన్నది విడివిడిగా కావాలి. పాత రిటర్న్‌ల పీడీఎఫ్‌లు దాచుకోనివాళ్లకు ఒక పూట ఇక్కడే పోతుంది.

మినహాయింపులు తక్కువగా ఉండే కొత్త పన్ను విధానంలో ఉంటే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో (జీతం, పింఛనులోంచి నేరుగా తీసేసే మొత్తం) పని తేలిక. పాత విధానం ఎంచుకుంటే ఈమధ్య 80సీ (పొదుపు, జీవిత బీమా), 80డీ (ఆరోగ్య బీమా) మినహాయింపులకు పాలసీ నంబర్లు కూడా అడుగుతున్నారు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) లెక్కకు తిరుపతి, చిత్తూరుల్లో మూలవేతనం, డీఏల మీద 40 శాతమే, మెట్రోల్లోలా 50 కాదు. హుండీలో వేసిన డబ్బుకు రసీదు ఉండదు కాబట్టి 80జీ (విరాళాల మినహాయింపు) కిందకు రాదు. ఆ పుణ్యం స్వామివారి లెక్కలోనే. జూలై 31 గడువు దాటిందా, ఆలస్య రుసుముతో పాటు పాత విధానం ఎంచుకునే వీలూ పోతుంది.

రిఫండ్ రావాల్సినవాళ్లు బ్యాంకు ఖాతాను ముందే పోర్టల్‌లో వ్యాలిడేట్ (ధ్రువీకరణ) చేసుకోవాలి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కాబట్టి ఆ ఖాతాదారులు బ్యాంకు పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిచూసుకోవాలి.

సబ్మిట్ నొక్కగానే అయిపోలేదు. రిటర్న్ మనదేనని 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చేయకపోతే, తర్వాత వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. అది గడువు దాటితే సమయానికి వేసిన రిటర్న్ కాస్తా ఆలస్యం కింద జమవుతుంది. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. ఆధార్‌కు పాత ఫోన్ నంబరే ఉందనుకుంటే జూన్ రాకముందే మార్పించుకోండి.