దొంగ తలలో పాత ఆత్మ: కలిలాగానా, పూనకంలాగానా, ఒప్పందంలాగానా? ఏది మేలు?

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న నలుగురు పిల్లలతో కలిసి ఒక బొమ్మల కథ రాస్తున్నాను. అందులో విలన్ ఒక దొంగ. జేబులు కొట్టేవాడు కాదు, కోటలూ గుళ్లూ తవ్వి తరాల సొమ్ము ఎత్తుకుపోయే గజదొంగ. వాడి తలలో వాడొక్కడే లేడు. ఎన్ని వందల ఏళ్ల కిందటిదో తెలియని ఒక ఆత్మ కూడా ఉంది. దానికి బంగారం అక్కర్లేదు. నిలబడి ఉన్న ప్రతిదీ కూలిపోవాలి, అదొక్కటే దాని కోరిక.

ఇంతవరకు మాలో తేడా రాలేదు. ఒకే తలలో ఆ ఇద్దరూ ఎట్లా కాపురం చేయాలన్న దగ్గరే మూడు వారాలు వాదించుకున్నాం. ఇట్లాంటి కథ రాయాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఆ వాదన అంతా ఇక్కడ పెడుతున్నాను.

తూకం వేయడానికి ఒకే సీన్ తీసుకున్నాం. అమావాస్య రాత్రి, ఊరికి దూరంగా పాడుబడ్డ గుడి, దొంగ చేతిలో గడ్డపార, ఎదురుగా నంది. నంది కడుపులో వజ్రాలున్నాయని వాడికెవరో చెప్పారు. మా వైపు వాళ్లకు ఈ సీన్ కొత్తది కాదు. గుప్తనిధుల ఆశతో పగలగొట్టిన రాళ్లు, తవ్వి వదిలేసిన గుంత, దాని పక్కన ఎండిపోయిన నిమ్మకాయలు, కుంకుమ. చిన్నప్పటి నుంచి వింటున్న మాట కూడా ఒకటుంది: నిధికి భూతం కాపలా ఉంటుందట, అది బలి అడుగుతుందట. తవ్వినవాడు దొరికిపోతే ఆ భూతం మీదికే నెట్టేస్తాడు. నా తీర్పు ఎటు మొగ్గిందో అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

మొదటి దారి కలిది. భారతంలో నలుడి కథ మనందరికీ తెలిసిందే. కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన ఒక్క పొరపాటు దొరకగానే కలి ఆయనలోకి దూరాడు. అప్పటి నుంచి తమ్ముడు పుష్కరుడితో జూదం ఆడుతున్నది ఎవరు, నలుడా, కలియా? నలుడికే తెలియదు. రాజ్యం పోయింది. అడవిలో నిద్రపోతున్న దమయంతి చీరలో సగం కోసుకుని ఆమెను వదిలి నడిచాడు. నాకు ఆ ఘట్టంలో ఎప్పుడూ గుండె పట్టేసే చోటు ఒకటుంది. నలుడు కొంత దూరం పోతాడు, మళ్లీ వెనక్కి వస్తాడు, మళ్లీ పోతాడు. ఉయ్యాలలా. కలి అటు లాగుతాడు, ప్రేమ ఇటు లాగుతుంది. ఒక మనసులో ఇద్దరుంటే ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే గొప్ప బొమ్మ నేనెక్కడా చూడలేదు.

ఈ దారిలో మా సీన్ రాస్తే భయం బాగా పండింది. దొంగ తనే ఆలోచిస్తున్నాననుకుంటాడు. చదివేవాళ్లకు మాత్రం లోపలున్నది కనిపిస్తూనే ఉంటుంది. గడ్డపార ఎత్తిన చెయ్యి వాడిదే, దాన్ని ఎత్తించింది వేరు. ముగింపు కూడా కథలోనే సిద్ధంగా ఉంది. నలుణ్ని కాటేసిన కర్కోటకుడనే పాము విషం లోపలున్న కలిని కాలుస్తూ వచ్చింది. ఋతుపర్ణుడనే రాజు దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చుకోగానే కలి ఆ విషం కక్కుకుంటూ బయటపడి తాండ్ర చెట్టులో దాక్కున్నాడు. పోగొట్టుకున్నది జూదంలోనే, విడుదల దొరికింది కూడా జూదం మర్మం తెలిశాకే. కథ అల్లేవాళ్లు ఈ పొందికను పట్టుకుని నేర్చుకోవాలి.

కానీ నలుడు మంచివాడు. ఆయన పతనం చూస్తే మనకు ఏడుపొస్తుంది. మా దొంగ ముందే దొంగ. వాడికి తెలియకుండా ఆత్మను లోపల పెడితే, వాడు చేసిన ప్రతి పనికీ వాడి తరఫున మనమే సాకు రాసిచ్చినట్టవుతుంది. నందిని పగలగొట్టింది నేను కాదు, నాలో ఉన్నది అంటాడు. మా ఊళ్లలో తవ్వేవాళ్లు చెప్పే మాట కూడా అదే కదా.

రెండోది పూనకం దారి. ఒకరు మేలుకుంటే ఇంకొకరు నిద్రపోతారు. తెల్లారితే దొంగకు ఏమీ గుర్తుండదు, చేతులకు మట్టి మాత్రం ఉంటుంది. బొమ్మలు వేసే అమ్మాయికి ఇదే నచ్చింది. ఆమెకు తగిన కారణమే ఉంది. కళ్లు మారతాయి, నడక మారుతుంది, మెడ వాలే తీరు మారుతుంది. ఒక్క మాట రాయకుండా బొమ్మలోనే అంతా చెప్పొచ్చు. మొదటి రెండు అధ్యాయాల వరకు ఇది మిగతా రెండు దారులనూ మించిపోతుంది.

నేను గట్టిగా వద్దన్నది మాత్రం దీన్నే. మా మేనత్తకు ఎల్లమ్మ పూనేది. ఆమె పొద్దంతా నాట్లు వేసి వచ్చే మనిషి, పదిమందిలో గొంతెత్తి మాట్లాడి ఎరగదు. డప్పు మొదలై పసుపు నీళ్లు మీద పడగానే ఆమె గొంతు మారేది. ఊరి పెద్దలు చేతులు కట్టుకుని నిలబడి "తల్లీ, వానలెట్ల, పిల్లలెట్ల" అని అడిగేవాళ్లు. ఆమె వాళ్లను తిట్టేది, బుజ్జగించేది, ధైర్యం చెప్పేది. దిగిపోయాక చాప మీద పడుకుని, నీళ్లు తాగి, "ఏమన్ననే?" అని మా అమ్మను అడిగేది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి అమ్మవారు పూనిన ఆమె రంగంలో చెప్పే భవిష్యవాణి కోసం రాష్ట్రమంతా చెవులప్పగించి వింటుంది. మన దగ్గర పూనకం అంటే వినబడని మనిషికి ఒక పూట గొంతు దొరకడం. దాని గుర్తులన్నీ ఎత్తుకెళ్లి ఊళ్లు కూల్చే దుష్టాత్మకు తొడగడం నాకు మనసొప్పలేదు. దేవుడు పూనే శివసత్తుల ఇంట్లో పుట్టిన పిల్ల మా కథ చదివితే తన అమ్మను ఏ కంటితో చూస్తుంది?

ఆ బాధ పక్కన పెట్టినా కథ నడకలో చిక్కు ఉంది. పొద్దున్నే అన్నీ మరిచిపోయేవాడు ప్రతి అధ్యాయంలోనూ అమాయకుడిగానే లేస్తాడు. మూడోసారికి చదివేవాళ్లకు విసుగొస్తుంది.

ఆత్మ అసలు లేనే లేదు, అంతా వాడి మతిభ్రమణం అని చివర్లో తేల్చే దారి కూడా ఒకరు చెప్పారు. దాన్ని పది నిమిషాల్లోనే వదిలేశాం. మనసు బాగాలేక మందులు వాడుతున్న వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లను విలన్లుగా చూపించే కథలు ఇప్పటికే ఎక్కువైపోయాయి.

మిగిలింది ఒప్పందం. ఇద్దరూ మేలుకునే ఉంటారు. ఆత్మ అడుగుతుంది, దొంగ సరే అంటేనే ముందుకు పోతుంది. ప్రతి సరేకి ఒకటి దొరుకుతుంది, ఒకటి పోతుంది. మొదటిసారి ఏ తాళమైనా తెరుచుకునే విద్య వస్తుంది, నిద్ర పోతుంది. రెండోసారి చీకట్లో చూపు వస్తుంది, అమ్మ ముఖం గుర్తుండదు. నంది సీన్ ఈ దారిలో రాస్తే ఇట్లా వచ్చింది:

"గుడి జోలికి పోవద్దనుకున్నం గదా."

"ఒక్క దెబ్బ. రాయే గదా."

"నాకు బంగారం చాలు."

"నీ ఊరు మునిగిన్నాడు ఎవడన్న చాలన్నడా?"

ఈ ఆఖరి మాటతో కథ మొత్తం మారింది. మా దొంగది పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున, శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. ఆ నీళ్ల కింద ఎన్నో ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. దేవుడి ఇంటిని మోసుకొచ్చారు, మా తాత ఇంటిని ఎవరూ మోయలేదు అనేది వాడి కడుపుమంట. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున నిలబడి మొండిగోడల కోసం వెతుకుతాడు. ఆత్మ దూరింది ఆ కోపంలోంచే. దాని కోరికకు వాడి బాధ సరిగ్గా సరిపోయింది. వాడి బాధ నిజం, వాడు అన్న సరే కూడా నిజం. రెంటినీ ఒకేసారి పట్టుకోగలిగేది ఈ దారి ఒక్కటే.

దీనికీ ఇబ్బందులున్నాయి. మాటలు ఎక్కువైపోతాయి. బొమ్మల కథలో తలలోపలి గొడవ పేజీలకు పేజీలు సాగితే ఎవరూ చదవరు. ఇంకో ప్రమాదం పెద్దది: రోజూ మాట్లాడుకునే ఇద్దరూ మెల్లగా దోస్తులైపోతారు, ఆత్మ ముద్దొచ్చేస్తుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. ఆత్మ ఎప్పుడూ జోక్ వేయదు, ఎప్పుడూ దొంగను పేరు పెట్టి పిలవదు.

మాటలు తగ్గించే ఉపాయం మా నల్లగొండలోనే దొరికింది. పానగల్లులో కుందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది, మూడు గర్భగుళ్ల త్రికూటాలయం. ఒక గర్భగుడి వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దు ఎటు జరిగినా పగలంతా అది కదలదు. వెలుతురు వేర్వేరు దిక్కుల నుంచి స్తంభాల మధ్యగా లోపలికి రావడం వల్ల వాటి నీడలన్నీ కలిసి ఒకటిగా నిలుస్తాయి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి గంటన్నర కూర్చోబెట్టాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బొమ్మల అమ్మాయి అంది, "సార్, దొంగ సరే అన్న రోజు నుంచి వాడి నీడ కదలొద్దు." ఇప్పుడు మాటలు సగానికి సగం తగ్గాయి. నీడను చూస్తే చాలు, ఏ పేజీలో ఎవరు గెలుస్తున్నారో తెలుస్తుంది.

ఇంత చెప్పినా, ఒప్పందం దారి అందరికీ కుదరదు. నలభై నిమిషాల స్టేజీ నాటకం వేసేవాళ్లకు కలి దారే మేలు. ఒక్కో సరేకి ఒక్కో నష్టం చూపించేంత సమయం స్టేజీ మీద ఉండదు. అదే ఒగ్గు కథగా చెప్పేవాళ్లుంటే ఒప్పందానికి మించింది లేదు. ప్రధాన కథకుడు దొంగ, పక్కన వంత పాడేవాడు ఆత్మ. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు, మధ్యలో డోలు. ఇద్దరి మాటల్లోంచి ఒక మనసును కళ్ల ముందు నిలబెట్టడం ఆ కళకు వెన్నతో పెట్టిన విద్య.

మేం ఒప్పందం వైపే తేల్చుకున్నాం. నలుడి కథలోని ఉయ్యాలను మాత్రం వదులుకోలేదు. నంది ముందు దొంగ మూడుసార్లు వెనక్కి పోయి మూడుసార్లు తిరిగొస్తాడు. నాలుగోసారి గడ్డపార కింద పెడతాడు. అక్కడ వాడి నీడ జరగాలని అమ్మాయి, జరగకూడదని మిగతా ముగ్గురు. ఒక్క కాదన్నందుకే ఇన్నేళ్ల సరేలు చెరిగిపోతాయా అని వాళ్ల ప్రశ్న. నిన్న రాత్రి ఆమె పంపిన బొమ్మలో తెల్లవారుతోంది, దొంగ గుడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, నీడ ఒక్క వేలెడు పడమటికి సాగింది.