ఎంసీపీ4151: రాయడం సులువు, చదవడం దగ్గరే పేచీ

ఆప్-ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) గెయిన్ మార్చడానికీ, బయాస్ వోల్టేజీ సర్దడానికీ చాలాకాలంగా వాడుతున్నది మైక్రోచిప్ కంపెనీ డిజిటల్ పాట్ (ఆదేశం పంపి నిరోధం మార్చుకునే పొటెన్షియోమీటర్ చిప్) ఎంసీపీ4151, 10 కిలో ఓమ్‌ల రకం. ఎస్‌పీఐ (కంట్రోలర్‌కూ చిప్‌కూ మధ్య డేటా పంపుకునే పద్ధతి) మీద పనిచేస్తుంది, 0 నుంచి 256 దాకా 257 మెట్లు, ఒక్కో మెట్టుకు సుమారు 39 ఓమ్‌లు. విలువ రాసి వదిలేసే పనికైతే దీనికి వంక పెట్టలేం. రాసింది నిలిచిందో లేదో చదివి చూసుకోవాలంటే మాత్రం కాస్త తంటా పడాలి.

కారణం కాళ్ల కొరత. ఎనిమిది కాళ్ల చిప్ కాబట్టి డేటా లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ 3వ కాలు ఒక్కటే. మిసో (కంట్రోలర్‌లోకి డేటా తెచ్చే) తీగను ఆ కాలికి నేరుగా కలపాలి. మోసి (కంట్రోలర్ నుంచి డేటా పంపే) తీగను 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా అక్కడికే తేవాలి. రెసిస్టర్ లేకపోతే కంట్రోలర్ 1 అని నెడుతుంటే చిప్ 0 అని లాగుతుంది, ఆ లాగులాటలో చదివిన విలువకు అర్థం ఉండదు. 1వ కాలు సీఎస్ (చిప్‌ను ఎంచుకునే తీగ, కిందికి అంటే 0కి లాగితేనే చిప్ వింటుంది), 2 క్లాక్, 4 గ్రౌండ్, 8 సప్లై. 5, 6, 7 వరసగా ఏ, వైపర్, బీ: ఏ, బీ నిరోధానికి రెండు చివరలు, వైపర్ వాటి మధ్య జరిగేది. సప్లై పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పదు. సీఎస్‌కు 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ (సప్లై వైపు లాగి ఉంచే రెసిస్టర్) కూడా పెట్టండి. కంట్రోలర్ రీసెట్‌లో ఉన్నంతసేపు ఆ తీగ గాల్లో వేలాడకుండా ఉంటుంది.

ఆదేశం 16 బిట్లు. మొదటి నాలుగు చిరునామా, తర్వాతి రెండు పని (00 రాయడం, 01 పెంచడం, 10 తగ్గించడం, 11 చదవడం), మిగతా పది డేటా. వైపర్‌ను 100కి పెట్టాలంటే మొదటి బైటు 0000 0000, రెండోది 100. పూర్తి పైకి, అంటే 256కి, 0000 0001 తర్వాత 0. రెండు బైట్లూ వెళ్లేదాకా సీఎస్ కిందే ఉండాలి. పెంచే, తగ్గించే ఆదేశాలకు ఒక్క బైటే చాలు, చివర్లలో విలువ చుట్టు తిరిగి రాదు (256 దాటి 0కో, 0 దాటి 256కో పోదు).

చదవడానికి చాలామంది 0000 1100, తర్వాత సున్నాలు పంపుతారు. ఈ చిప్‌తో అది కుదరదు. దీని అవుట్‌పుట్ ఓపెన్-డ్రెయిన్ తరహా: కిందికి గట్టిగా లాగగలదు, పైకి నెట్టే బలం తక్కువ. మీరు సున్నా పంపుతుంటే రెసిస్టర్ ఆ తీగను కిందే పట్టి ఉంచుతుంది, ఎప్పుడు చదివినా 0 వస్తుంది. అందుకే డేటా బిట్లన్నీ 1 చేసి 0000 1111, 1111 1111 పంపాలి. అప్పుడు ఆ రెసిస్టరే పుల్-అప్‌గా పనికొస్తుంది. చదివేటప్పుడు క్లాక్ 250 కిలోహెర్ట్జ్ దాటనివ్వద్దు. రాయడానికి చిప్ 10 మెగాహెర్ట్జ్ తట్టుకుంటుంది గానీ, మధ్యలో రెసిస్టర్ ఉంది కాబట్టి 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగడం మంచిది.

వచ్చిన దాంట్లో కింది తొమ్మిది బిట్లే విలువ. 511 వచ్చిందంటే చిప్ బదులు పలకలేదన్నమాట: మీరు పంపిన ఒకట్లే తిరిగొచ్చాయి, సీఎస్ తీగో సప్లైయో చూడండి. మొదటి బైటులో కుడి నుంచి రెండో బిట్ 0 అయితే ఆదేశం చెల్లలేదని అర్థం. ఈ బిట్ చూడకుండా విలువ తీసుకుంటే లోపాన్ని కాస్తా 'వైపర్ 0 దగ్గరుంది' అని నమ్మేస్తారు.

ఇంకో మాట. చదివినప్పుడు వచ్చేది రిజిస్టర్‌లోని అంకె మాత్రమే, నిజమైన నిరోధం కాదు. వైపర్ గుండా 2.5 మిల్లీఆంప్‌లు మించి పారి లోపలి స్విచ్ దెబ్బతిన్నా రిజిస్టర్ మాత్రం 100 అనే చెబుతూ ఉంటుంది. నిజం కావాలంటే వైపర్ వోల్టేజీని ఏడీసీతో (వోల్టేజీని అంకెగా మార్చే భాగంతో) కొలవాల్సిందే. మొత్తం నిరోధంలోనే 20 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది, పైగా వైపర్ సొంత నిరోధం 75 ఓమ్‌ల చుట్టుపక్కల. వోల్టేజీ డివైడర్‌గా వాడితే ఈ తేడాలు పెద్దగా బాధించవు, రెండు కాళ్ల రెసిస్టర్‌గా వాడితే బాధిస్తాయి. ఏ, బీ, వైపర్ మూడూ గ్రౌండ్‌కూ సప్లైకీ మధ్యే ఉండాలి. 12 వోల్టుల ఎల్ఎం317 (వోల్టేజీ రెగ్యులేటర్) సర్క్యూట్‌లో మామూలు పాట్ తీసి దీన్ని పెట్టేద్దామంటే చిప్ పోతుంది. ఆడియో సిగ్నల్‌కైతే సగం సప్లై దగ్గర బయాస్ ఇవ్వండి.

కరెంటు పోయి వస్తే వైపర్ మధ్యకు, అంటే 128కి వస్తుంది. పవర్ సప్లై సర్దే పనిలో ఇది ప్రమాదం: కంట్రోలర్ మేలుకునేలోపే సగం వోల్టేజీ బయటికి వెళ్లిపోతుంది. అలాంటి చోట ఎంసీపీ4161 కొనండి. అది విలువను గుర్తుంచుకుంటుంది. 0010 0000 తర్వాత విలువ పంపి 10 మిల్లీసెకన్లు ఆగితే చాలు.

కొత్తగా బోర్డు గీస్తూ, చదవడం తప్పనిసరి అనుకునేవారు 14 కాళ్ల ఎంసీపీ4251కే వెళ్లండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లు వేరువేరు, ఒక చిప్‌లో రెండు పాట్‌లు, పై రెసిస్టర్ గొడవే ఉండదు. పాత ఎంసీపీ41010 మాత్రం వద్దు, దాంట్లో చదివే దారే లేదు.