భీమవరం దగ్గర ఏసీ ఫంక్షన్ హాల్: కుర్చీలు 700, మెట్లు 320 మందికే

హాలు బాగుంటుంది. ఏసీ చల్లగా ఉంటుంది, కార్లు పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు, వంటశాలలో నీళ్లకు లోటు లేదు. బుక్ చేసేవాళ్లు ఇవన్నీ ఎలాగూ అడుగుతారు. ఎవరూ అడగనిది మెట్ల సంగతి. డెల్టాలో సెల్లార్ తవ్వితే నీరు ఊరుతుంది కాబట్టి కింద స్టిల్టులో, అంటే గోడల్లేకుండా స్తంభాల మధ్య వదిలిన ఖాళీలో పార్కింగ్, మొదటి అంతస్తులో పెళ్లి మంటపం, ఆ పైన భోజనాలు. వచ్చిన ప్రతి మనిషీ మెట్లెక్కాల్సిందే. పొగ కమ్మితే లిఫ్ట్ వాడకూడదు, అందరూ ఒక్కసారే ఆ మెట్ల మీదే దిగాలి.

ముందువైపు మెట్లు శ్రద్ధగా కట్టారు. వెడల్పు 2 మీటర్లు, అడుగు వేసే పలక 300 మి.మీ., మెట్టు ఎత్తు 150 మి.మీ. జనం గుమిగూడే భవనాలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే కొలతలు ఇవే. రెండు పక్కలా రెయిలింగ్ ఉంది. తేడా అంతా అట్టడుగు మెట్టు దగ్గర. మెట్లు పోశాక కింద గ్రానైట్ వేసి నేల లేపారు, దాంతో ఆ ఒక్క మెట్టు 110 మి.మీ.కి తగ్గింది. దిగేటప్పుడు కాలు 150కి అలవాటు పడి ఉంటుంది, నేల 40 మి.మీ. ముందే తగులుతుంది. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పసిబిడ్డను పట్టుకున్న మనిషి తూలేది అక్కడే. వెనక వచ్చేవాళ్లు ఆమె మీద పడతారు. మెట్ల అంచులకు గాడులు కూడా కొట్టించలేదు, వానాకాలం తడి చెప్పులకు పాలిష్ గ్రానైట్ జారుతుంది.

అసలు భయం వెనక మెట్లతోనే. బయట బిగించిన ఇనుప మెట్లు, వెడల్పు 1.2 మీటర్లే. జారకుండా గళ్లు తేలిన ఇనుప రేకు (చెకర్డ్ ప్లేటు) పైకి రంగు తళతళలాడుతోంది గానీ కిందనుంచి చూస్తే వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. మెట్ల కిందే వంటశాల గోడ, దాని వారగా గ్యాస్ సిలిండర్లు. మంట పుట్టే అవకాశం ఎక్కువున్నది వంటశాలలోనే, తప్పించుకునే రెండో దారి సరిగ్గా దాని నెత్తిమీదుగా పోతోంది. ఆ దారికున్న తలుపు లోపలికి తెరుచుకుంటుంది, పైగా తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. కోడ్ ప్రకారం తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపలున్నవాళ్లు తాళంచెవితో పని లేకుండా తీయగలగాలి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. అక్కడ బాల్కనీలో అదనపు సీట్ల కోసం ఒక పక్క దారి మూసేశారు.

ఇక లెక్క. టేపు ఉంటే ఎవరైనా వేసుకోవచ్చు. కోడ్ ప్రకారం మెట్లకు మనిషికి 10 మి.మీ. వెడల్పు కావాలి, చదునుగా ఉన్న దారికి, తలుపులకు 6.5 మి.మీ. ఇక్కడ మెట్లు 2 మీటర్లు, 1.2 మీటర్లు కలిపి 3.2 మీటర్లు, అంటే 320 మంది. వేసిన కుర్చీలు 700. వాళ్లకు 7 మీటర్ల మెట్లు కావాలి. 500 మంది దాటితే బయటికి దారులు కూడా మూడు ఉండాలి, ఉన్నవి రెండే. వెనక తలుపుకు తాళం ఉన్నంతసేపు ఈ హాలు 200 మందికే.

డెకరేషన్ వాళ్లది ఇంకో తంటా. స్టేజీ పక్క నుంచి వెనక తలుపు దాకా తెర కట్టేస్తారు, ఎగ్జిట్ బోర్డు పూల వెనక్కి పోతుంది. రెయిలింగుకు గుడ్డ చుట్టి సీరియల్ సెట్లు వేలాడదీస్తారు, పట్టుకోబోతే వైరు చేతికొస్తుంది. ఎమర్జెన్సీ లైట్లు మాత్రం మెట్ల మలుపుల్లో సరిగ్గా పెట్టారు. కరెంటు పోయాక 90 నిమిషాలు వెలగాలి, బుక్ చేసే రోజు స్విచ్ ఆపించి చూడండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి) కాగితం చూపించమనండి, అందులో ఎంతమందికి అనుమతి ఉందో చదవండి. ముహూర్తం వేళ వెనక తలుపు తాళం తీసి, అక్కడొక మనిషిని ఉంచుతామని రాయించుకోండి. సిలిండర్లు మెట్ల కింద నుంచి తీయించండి. భోజనాలు కింద స్టిల్టులో పెట్టించుకుంటే పై అంతస్తు భారం తగ్గుతుంది, కార్లకు బయట ఖాళీ స్థలం ఉండనే ఉంది. ఇవన్నీ ఒప్పుకుంటే 300 మంది లోపు ఒడుగుకో, ఓణీల ఫంక్షన్‌కో తీసుకోవచ్చు. పెద్ద పెళ్లికైతే మూడో దారి వేసి, మెట్ల వెడల్పు పెంచేదాకా వద్దు.