బాబాయ్ తెచ్చిన మాత్రలు, పబ్‌మెడ్ చెప్పిన జవాబు

మొన్న సంక్రాంతికి మా బాబాయ్ బీటా కెరోటిన్ (క్యారెట్లలో ఉండే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) క్యాప్సూల్స్ డబ్బా పట్టుకొచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా బీడీలు కాలుస్తున్న మనిషి. "ఇవి వేసుకుంటే ఊపిరితిత్తులకు ఏమీ కాదంట అమ్మాయ్, వాట్సాప్‌లో పెద్ద పెద్ద స్టడీలు పెట్టారు" అన్నాడు. మందుల షాపు నడుపుతున్నా, కాదనడానికి అప్పటికప్పుడు నా దగ్గర ఆధారం లేదు. భోజనాలయ్యాక లాప్‌టాప్‌లో పబ్‌మెడ్ తెరిచాను.

వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కోవడానికి అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే సైట్ ఇది. వెతకడానికి డబ్బూ అక్కర్లేదు, లాగినూ అక్కర్లేదు. బీటా కెరోటిన్, లంగ్ క్యాన్సర్ అని కొడితే పేపర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఎడమ పక్కన 'ఆర్టికల్ టైప్' కింద చిన్న గడులుంటాయి. 'రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్' గడిలో టిక్ పెట్టాను. 1994 నాటి ఫిన్లాండ్ ట్రయల్ దొరికింది. పొగతాగే మగవాళ్లు 29,133 మంది. చీటీలు తీసినట్టు పంచి, సగం మందికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. వేసుకున్నవాళ్లలోనే లంగ్ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది!

అలాగని వాట్సాప్‌లో వచ్చిన స్టడీలు అబద్ధాలేం కావు. అవి అబ్జర్వేషనల్ స్టడీలు, అంటే ఎవరికీ మందు ఇవ్వకుండా మనుషుల్ని గమనించి రాసుకున్నవి. తిండిలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్లకు క్యాన్సర్ తక్కువని చూశారు. కానీ ఆకుకూరలు, పళ్లు బాగా తినేవాళ్లు ఇంకో పది విషయాల్లోనూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటారు కదా. ఫిన్లాండ్‌వాళ్లలోనూ మొదట్లో రక్తంలో కెరోటిన్ ఎక్కువున్నవాళ్లకు క్యాన్సర్ తక్కువే వచ్చింది. అవే మనుషులు, లెక్క చూసిన పద్ధతి మారేసరికి జవాబు తిరగబడింది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

వాడేవాళ్లకు ఒకటి రెండు మాటలు. ఒక విషయం మీద వచ్చిన పేపర్లన్నీ కలిపి చెప్పేది రివ్యూ. 'రివ్యూ', 'సిస్టమాటిక్ రివ్యూ' వేర్వేరు గడులు. మొదటిదాంట్లో రాసినవాళ్లు తమకు తోచిన పేపర్లు మాత్రమే ఏరుకుని రాసినవీ ఉంటాయి, రెండోదాంట్లో ముందే పెట్టుకున్న పద్ధతి ప్రకారం వెతికి ఏరుతారు. టిక్ పెడితే ఆ రకం ముద్ర పడని పేపర్లు కనబడవు, కాబట్టి ఒకసారి టిక్ తీసేసి కూడా చూడండి. గడి స్టడీ రకం చెబుతుందే గానీ, బాగా చేశారో లేదో చెప్పదు. చాలా పేపర్లు పూర్తిగా చదవాలంటే డబ్బు కట్టాలి, సారాంశం మాత్రం ఎక్కువగా దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల మందులు చూసుకునే ప్రతి ఒక్కరూ ఇది వాడటం నేర్చుకోవాలని నా కోరిక.

బాబాయ్ స్క్రీన్ మీద ఆ 18 శాతం దగ్గర వేలు పెట్టి, రెండుసార్లు చదివించుకున్నాడు. డబ్బా నా దగ్గరే వదిలేశాడు. బీడీల సంగతి మాట్లాడటానికి ఆదివారం మళ్లీ రమ్మన్నాను.