చెలక నేలల్లో మెటల్ డిటెక్టర్: గ్రౌండ్ బ్యాలెన్స్ నాబ్ కోసమే దీన్ని వదులుకోలేకపోతున్నాను

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెలకల్లో మెటల్ డిటెక్టర్ వాడదలచినవారు దాని బరువెంత, తెరమీద అంకెలు ఎంత స్పష్టంగా కనబడతాయి అని విచారించే ముందు, గ్రౌండ్ బ్యాలెన్స్‌ను, అంటే మట్టి స్పందనను యంత్రం లెక్కచేయకుండా చూసే సర్దుబాటును, చేత్తో తిప్పి సరిచేసుకునే నాబ్ దానికి ఉన్నదా లేదా అని అడగాలి. అలాంటి ఒక మధ్యరకం యంత్రాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా ఇది నా గట్టి అభిప్రాయం. మన ఎర్రనేలల్లో ఇనుప ఆక్సైడ్లు ఎక్కువ. యంత్రం అడుగున ఉండే తీగచుట్ట (కాయిల్) నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రానికి లోహంతో పాటు ఈ మట్టి కూడా స్పందిస్తుంది. ఫ్యాక్టరీలోనే ఈ సర్దుబాటును బిగించి పంపిన చవక యంత్రాన్ని దేవరకొండ వైపు చెలకలో ఊపితే, కింద ఏమీ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. ఆ గోల భరించలేక చాలామంది సెన్సిటివిటీ తగ్గిస్తారు. దానితో లోతున ఉన్న వస్తువు కూడా వినబడకుండా పోతుంది.

నాబ్ ఉన్న యంత్రంతో ఈ పని తేలిక. లోహం లేని కాస్త చోటు చూసుకొని, కాయిల్‌ను మోకాలి ఎత్తు నుంచి నేల దాకా దించుతూ ఎత్తుతూ, దించినప్పుడు శబ్దం పెరుగుతున్నదో తగ్గుతున్నదో విని, ఆ మార్పు లేకుండా సమంగా నిలిచేవరకు నాబ్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి. ఆ తర్వాత చెలక నోరు మూసుకుంటుంది.

నేల మాట్లాడకపోవడం వల్ల నాకు కలిగిన అసలు లాభం మాత్రం కొన్నప్పుడు నేను ఊహించనిది. సాధారణంగా పొలాల్లోకి దిగేవారు డిస్క్రిమినేషన్ (అక్కరలేని లోహాల శబ్దాన్ని అణచే సర్దుబాటు) పెంచి ఇనుము శబ్దాన్ని పూర్తిగా తీసివేస్తారు. కల్టివేటర్ బోల్టులు, మేకులు, తీగముక్కలు, ఎడ్ల నాలలు అడుగడుగునా ఉండే చోట అది సహజమే. మట్టి గోల లేనందువల్ల నేను డిస్క్రిమినేషన్‌ను సున్నా దగ్గరే ఉంచి, ఇనుము పలికే మందస్వరాన్ని కూడా వింటూ తిరగగలుగుతున్నాను. పాత సీసాల మీద ఆసక్తి ఉన్నవారికి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గాజును ఏ డిటెక్టరూ పట్టలేదు. గాజు ఉన్న చోటును మనకు చూపించేది దాని పక్కన పడి ఉన్న తుప్పు ఇనుమే.

కల్వకుర్తి వైపు ఒక చెలకలో ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. పల్లికాయ పీకి, దుక్కి దున్ని వదిలిన భూమి అది. పక్కనే పాత బండ్లబాట. నాణేలు దొరకవచ్చునని దిగాను గాని, బాట మలుపు దగ్గర కల్లమంత చోటులో ఇనుము శబ్దాలు తప్ప మరొకటి లేదు. డిస్క్రిమినేషన్ పెంచి ఉంటే ఆ చోటు ఖాళీగా తోచి, దాటిపోయేవాడిని. భూమి గల పెద్దమనిషి మొదట అనుమానంగా చూస్తూ, "ఏం సారూ, గుప్తనిధికి వచ్చిండ్రా?" అని అడిగాడు. (ఈ యంత్రం భుజాన వేసుకొని మన పల్లెల్లో తిరిగేవారు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి; గుప్తనిధుల పేరిట గుళ్లూ గుట్టలూ తవ్వేవారి పుణ్యాన అది అడగడంలో తప్పు లేదు.) మొదట ఎడ్ల నాలలు, బండి ఇరుసు శీల ఒకటి, తుప్పుకు అట్టలు లేచిన ఇనుప కట్టు వచ్చాయి. వాటి కింద జానెడున్నర లోతున మట్టి రంగు మారి, బూడిద కలిసి, గాజు పెంకులు కనిపించాయి. పెంకుల్లో ఎక్కువ భాగం గోలీసోడా సీసాల మెడలే. చాలావాటికి గోలీ లేదు. గోలీల కోసం సీసాలు పగలగొట్టడం పిల్లలకు అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే. అడుగున ఒక్క సీసా మాత్రం చెక్కుచెదరకుండా, గోలీతో సహా బయటపడింది. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన ఆకారమే అది: గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి లేచి రబ్బరు వాషరుకు అదుముకునే ఏర్పాటు, తాగేటప్పుడు గోలీ అడ్డుపడకుండా మెడలో రెండు నొక్కులు. సంతకు వెళ్లే బండ్లు ఆ మలుపులో ఆగేవని, అక్కడ ఒకాయన సోడాలు అమ్మేవాడని తన తండ్రి చెప్పగా విన్నానని ఆ పెద్దమనిషి అప్పుడు గుర్తు చేసుకున్నాడు. అదే పోగులో ఒక చిల్లుపైస దొరికింది. అవి 1943 నుంచి 1947 వరకే అచ్చయినవి కాబట్టి, ఆ పెంటపోగు అంతకు ముందే మూసుకుపోయినది కాదని మాత్రం చెప్పవచ్చు.

నాబ్ గురించి పైన రాసినదాన్ని కొంత తగ్గించుకొని చదవాలి. చెలక నుంచి రేగడిలోకి మారితే మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఒకే చేనులో నేల మారే చోట్ల ఈ పని విసుగు పుట్టిస్తుంది. ఇనుపశాతం ఎక్కువగా ఉన్న కొన్ని నల్లరాళ్లు నాబ్ ఎలా తిప్పినా లోహంలాగే పలుకుతాయి. ఇటీవల దుమ్ము చేరి నాబ్ వదులైంది, నడుస్తుండగా తనంతట తానే జరుగుతున్నది. టేపు అంటించి నెట్టుకొస్తున్నాను. మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు నిలిచే వరి మళ్లలో దీనితో నాకు చెప్పుకోదగ్గ ప్రయోజనం కలగలేదు.

ఇంకొక మాట యంత్రానికి సంబంధించినది కాకపోయినా, దాన్ని కొనేవారికి అవసరమైనది. పాటిగడ్డల (పాత ఊళ్లు శిథిలమై మిగిలిన దిబ్బల) మీద, రక్షిత స్థలాల దగ్గర దీన్ని సంచిలోంచి తీయకూడదు. సూర్యాపేట జిల్లాలోని ప్రాచీన బౌద్ధ స్థలం ఫణిగిరి తవ్వకాల్లో 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అవి ఏ పొరలో, దేని పక్కన, ఏ కుండలో ఉన్నాయన్నదే వాటి విలువ. మనలాంటివారు గడ్డపారతో పెకిలిస్తే ఆ విలువ మిగలదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువే. నా చిల్లుపైస ఆ లెక్కలోకి ఇంకా రాలేదు.

నాకు చెలకలున్న బంధువులు ఉన్నారు, అనుమతి కోసం తిరగనవసరం లేదు. ఎండాకాలం దుక్కుల తర్వాత, విత్తనం పడక ముందు మాత్రమే వెళ్తాను. చెవులు ఇంకా బాగా పనిచేస్తున్నాయి. ఈ మూడూ లేనివారికి, ముఖ్యంగా సన్నని స్వరభేదాలు వినలేనివారికి, బటన్ నొక్కితే నేలను తానే సరిచూసుకునే యంత్రమే మేలు కావచ్చు. నేను మళ్లీ కొనవలసి వస్తే నాబ్, బటన్ రెండూ ఉన్నదాన్నే చూస్తాను, ధర కొంత ఎక్కువైనా సరే.